గాషే బొమ్మ ఎవరి సొమ్ము?

సాహిత్య సభల్లో మనవాళ్ళు తరచు చెప్పే కథ ఒకటుంది. విన్సెంట్ వాన్ గో బతికి వుండగా ఒక్క బొమ్మే అమ్ముడుపోయింది. పేదరికంతో, మతిచాంచల్యంతో బాధపడి ముప్ఫై ఏడో ఏట చనిపోయాడు. ఇప్పుడు అతని బొమ్మలు కోట్ల డాలర్లు పలుకుతున్నాయి. కథ ముగించాక నీతి కూడా చెబుతారు: నిజమైన కళాకారుణ్ణి కాలం గుర్తించి తీరుతుంది. ఇవాళ ఎవరూ చదవని కవిని రేపు లోకం నెత్తిన పెట్టుకుంటుంది.

తరగతిలో నేనూ చాలా ఏళ్ళు ఈ కథను ఇలాగే చెప్పాను. ఒకసారి పదో తరగతి కుర్రాడొకడు లేచి, "ఆ కోట్లు ఎవరికి ముట్టాయి మాస్టారూ?" అని అడిగాడు. నా దగ్గర జవాబు లేదు. వెతుక్కోవలసి వచ్చింది. ఈ వ్యాసం ఆ కుర్రాడికి నేను ఆలస్యంగా చెబుతున్న జవాబు.

జవాబు కోసం వాన్ గో బొమ్మలన్నీ చూడనక్కర్లేదు. ఒక్క బొమ్మ ఎవరెవరి చేతులు మారిందో చూస్తే చాలు. ఆ బొమ్మ పేరు "డాక్టర్ గాషే". 1890 జూన్‌లో, చనిపోవటానికి కొద్ది వారాల ముందు, ఫ్రాన్సులోని ఓవెర్ గ్రామంలో వాన్ గో దాన్ని గీశాడు. గాషే అతనికి వైద్యం చేసిన హోమియో వైద్యుడు. బొమ్మలో గాషే ఒక చేతిమీద తల ఆనించి, ఎటో చూస్తూ వుంటాడు. ముఖంలో చెప్పుకోలేని దిగులు. ముందున్న బల్లమీద గుండెజబ్బుకు మందు తీసే డిజిటాలిస్ కొమ్మ, పసుపుపచ్చ అట్టల నవలలు రెండు వుంటాయి. ఆ నవలలు రెండూ గాంకూర్ సోదరులు రాసినవే. వాటిలో ఒకటి చిత్రకారుల జీవితం మీద రాసిన "మానెత్ సలొమోన్". రెండోది "జెర్మినీ లాసెర్తో", ఒక పనిమనిషి కథ. దిగువ తరగతి మనిషిని కథానాయికగా నిలబెట్టిన తొలి ఫ్రెంచి నవలల్లో అది ఒకటి. సాహిత్య విద్యార్థులు గుర్తుంచుకోవలసిన విషయమిది. ప్రపంచంలోకెల్లా ఖరీదైనదిగా కొన్నేళ్ళు పేరుమోసిన బొమ్మలో ఒక పనిమనిషి కథ వుంది.

1890 జులై 29న వాన్ గో చనిపోయాడు. నెలనెలా డబ్బు పంపి అతన్ని పోషించిన తమ్ముడు థియో ఆరునెలలు తిరక్కుండానే పోయాడు. బొమ్మలన్నీ థియో భార్య యోహానాకు మిగిలాయి. అప్పటికామె వయసు 28, చంకలో ఏడాది బిడ్డ. పెళ్ళికి ముందు ఇంగ్లీషు టీచరుగా పనిచేసింది. హాలండులోని బుస్సుమ్ అనే వూళ్ళో ఇల్లు తీసుకుని, డబ్బిచ్చి వుండేవాళ్ళకు బసా భోజనం ఏర్పాటు చేసి, అనువాదాలు చేసి బతికింది. ఆ బొమ్మలు వదిలించుకొమ్మని సలహా యిచ్చినవాళ్ళున్నారు. ఆమె వినలేదు. ప్రదర్శనలు పెట్టింది, విమర్శకులకు ఉత్తరాలు రాసింది, ఏ బొమ్మ అమ్మాలో ఏది అట్టే పెట్టాలో ఆలోచించి అమ్మింది. అన్నదమ్ముల ఉత్తరాలను సంవత్సరాల తరబడి సరిచూసి 1914లో అచ్చువేయించింది. హాలండు సోషల్ డెమొక్రాటిక్ పార్టీలో చేరి, 1905లో ఆమ్‌స్టర్‌డాంలో ఆ పార్టీ మహిళల ప్రచార సంఘాన్ని స్థాపించినవాళ్ళలో ఆమె ఒకతె. "కాలం" గుర్తించిందని మనవాళ్ళు చెబుతారే, ఆ కాలం పేరు యోహానా. కాలం తనంత తాను ఎవర్నీ గుర్తించదు. ఎవరో ఒకరు కూర్చుని పనిచెయ్యాలి.

గాషే బొమ్మను ఆమె 1897లో పారిస్ వ్యాపారి వోలార్ ద్వారా అమ్మింది. కొన్న ఆలిస్ రూబెన్ డెన్మార్కుకు చెందిన చిత్రకారిణి. ధర 300 ఫ్రాంకులు, అప్పటి డాలర్లలో 58. తోటి కళాకారిణి, ఇష్టపడి, ఇంట్లో పెట్టుకుని చూసుకోవటానికి కొన్నది. ఈ బొమ్మ చరిత్రలో ఇంత సూటి కారణంతో జరిగిన అమ్మకం మళ్ళీ కనపడదు.

అక్కణ్ణుంచి బొమ్మ బెర్లిన్ వ్యాపారి కసీరర్ ద్వారా కౌంట్ కెస్లర్ అనే జర్మన్ ప్రభువుకు చేరింది. కెస్లర్, అతనిలాంటి మరికొందరు జర్మన్ ధనికులు, చక్రవర్తి ఆస్థానం మెచ్చే పాతరకం కళను కాదని కొత్త కళను ఆదరించారు. తమ వర్గానికి సొంత అభిరుచి వుందని చూపుకోవటం అందులో ఒక భాగమే. కాని ఆ వర్గమే ఒక మంచిపని కూడా చేసింది. 1911లో ఫ్రాంక్‌ఫర్ట్‌లోని ష్టేడెల్ మ్యూజియానికి ఒక దాత సాయంతో గాషే బొమ్మ దక్కింది. ఇరవై ఏళ్ళకు పైగా ఆ వూరి జనం, విద్యార్థులు దాన్ని చూడగలిగారు. బొమ్మ చరిత్రలో మంచి రోజులంటే అవే.

1933లో హిట్లర్ అధికారంలోకి వచ్చాడు. మ్యూజియంవారు బొమ్మను దాచిపెట్టారు. 1937లో నాజీలు దాన్ని "భ్రష్టకళ" కింద జప్తు చేశారు. జాతిని చెడగొట్టే బొమ్మలైతే తగలబెట్టాలి గదా! కొన్నిటిని తగలబెట్టారు కూడా. ధర పలికే వాటిని మాత్రం విదేశాల్లో అమ్ముకున్నారు. 1939 జూన్ 30న స్విట్జర్లాండులోని లూసెర్న్‌లో అలాంటి జప్తు బొమ్మలను వేలం వేస్తే, వాన్ గో స్వీయచిత్రం 1,75,000 స్విస్ ఫ్రాంకులకు పోయింది. ఆ రోజు అదే హెచ్చు ధర. గాషే బొమ్మను అంతకు ముందే గోరింగ్ చేజిక్కించుకుని విదేశీ ద్రవ్యం కోసం అమ్మించాడు. వాన్ గో కళ ఫాసిజానికి రోత, ఆ కళ తెచ్చే డబ్బు మాత్రం ముద్దు.

ఆ బొమ్మ ఆమ్‌స్టర్‌డాంలోని క్రమార్‌స్కీ అనే బాంకరుకు చేరింది. ఆయన యూదుడు. నాజీలనుంచి తప్పించుకుని కుటుంబంతో న్యూయార్కు చేరాడు, బొమ్మా ఆయనతో పాటే చేరింది. శ్రీమంతులు కళాఖండాలను కొనటానికి వున్న కారణాల్లో ఒకటి ఇక్కడ స్పష్టంగా కనపడుతుంది. ఇల్లూ భూమీ సరిహద్దు దాటవు. డబ్బు కాగితాలు చెల్లకపోవచ్చు. చుట్టి చంకలో పెట్టుకోగల గుడ్డమీద ఆస్తి అంతా ఇమిడితే ఎక్కడికైనా పోవచ్చు. క్రమార్‌స్కీని మనం నిందించలేం. ప్రాణాలు చేతపట్టుకుని పోతున్నవాడికి అది ఆసరా. కాని ఒక మాట మరవకూడదు. నాజీలు దొంగిలించింది ఒక వూరి ఉమ్మడి ఆస్తిని. అది మళ్ళీ ఆ వూరికి రాలేదు. క్రమార్‌స్కీ కుటుంబం దగ్గర యాభై ఏళ్ళు వుంది. ఆ కాలంలో కొన్నేళ్ళు న్యూయార్కు మెట్రోపాలిటన్ మ్యూజియంలో అరువుమీద వుంచారు.

1990 మే 15న క్రిస్టీస్ సంస్థ న్యూయార్కులో బొమ్మను వేలం వేసింది. సుత్తి ఏడున్నర కోట్ల డాలర్ల దగ్గర పడింది. కమిషను 75 లక్షలు కలుపుకుంటే మొత్తం 8 కోట్ల 25 లక్షలు. అప్పటికి వేలంలో ఏ బొమ్మకూ అంత ధర రాలేదు. కొన్నది ర్యోయీ సైతో, జపానులో కాగితం మిల్లుల అధిపతి. రెండు రోజుల తర్వాత సోద్‌బీస్ వేలంలో రెన్వార్ బొమ్మను 7 కోట్ల 81 లక్షలకు అతనే కొన్నాడు.

ఈ డబ్బు ఎక్కడిది? 1985 సెప్టెంబరులో అమెరికా, జపాను, మరి మూడు దేశాలు న్యూయార్కులోని ప్లాజా హోటల్లో కూర్చుని డాలరు విలువ తగ్గించాలని ఒప్పందం చేసుకున్నాయి. 240 యెన్లు పెడితే వచ్చే డాలరు రెండేళ్ళు తిరిగేసరికి ఇంచుమించు సగానికి వచ్చింది. అంటే న్యూయార్కులో అమ్మే ప్రతి వస్తువూ జపాను ధనికుడికి సగం ధరకు దొరికినట్టే. ఎగుమతులు దెబ్బతినకుండా జపాను కేంద్రబాంకు వడ్డీని 1987లో రెండున్నర శాతానికి దించింది. చవక అప్పు ఫాక్టరీల్లోకి పోలేదు. భూముల్లోకి, షేర్లలోకి పోయింది. భూమి ధర పెరిగితే దాన్ని తాకట్టుపెట్టి ఇంకా అప్పు, ఆ అప్పుతో మళ్ళీ భూమి. ఆ పొంగులోంచే కొంత డబ్బు వేలంగదుల్లోకి వచ్చిపడింది. 1987 మార్చిలో యాసుదా అనే బీమా కంపెనీ వాన్ గో పొద్దుతిరుగుడు పువ్వుల బొమ్మను 2 కోట్ల 47 లక్షల 50 వేల పౌండ్లకు కొన్నది. అంతకుముందున్న రికార్డుకు అది మూడు రెట్లు.

సైతో గాషే బొమ్మను టోక్యోలో ఒక గిడ్డంగిలో భద్రం చేశాడు. తను చచ్చిపోయాక రెండు బొమ్మల్నీ తన శవంతో పాటు దహనం చెయ్యాలని 1991లో అన్నాడు. లోకం గగ్గోలు పెడితే, ఇష్టం కొద్దీ అన్నమాటేనని సర్దుకున్నాడు. వారసులకు పన్ను తప్పించే లెక్క అందులో వుందని పత్రికలు రాశాయి. ఈలోగా పొంగు చల్లారింది. అడవి కొట్టి గోల్ఫు మైదానం వెయ్యటానికి అనుమతి కోసం లంచమిచ్చిన నేరానికి 1993లో అరెస్టయ్యాడు. ఆ మైదానానికి అతను పెట్టదలుచుకున్న పేరు "విన్సెంట్". 1996లో చనిపోయాడు. బొమ్మ కాలలేదు. అప్పులవాళ్ళ చేతుల్లోంచి ఒక ఆస్ట్రియన్ ద్రవ్యవ్యాపారికి, అతని దగ్గర్నుంచి ఇంకొకరికి పోయింది. ఆ తర్వాత జనం కంటికి కనపడలేదు. 2019లో ష్టేడెల్ మ్యూజియం వాన్ గో ప్రదర్శన పెట్టినప్పుడు, గాషే బొమ్మ వుండవలసిన చోట దాని ఖాళీ చట్రాన్ని వేలాడదీసింది.

ఇంతకీ ఆ ధర దేనికి ధర? వాన్ గో పడ్డ శ్రమకైతే కాదు. 58 డాలర్లు పద్నాలుగు లక్షల రెట్లు పెరగటానికి అతను మళ్ళీ కుంచె ముట్టుకోలేదు గదా! "కాపిటల్" మూడో సంపుటంలో మార్క్స్ భూమి కౌలును చర్చిస్తూ దీన్ని తాకాడు. మనిషి శ్రమతో పుట్టని భూమికీ, మళ్ళీ శ్రమించి తయారుచెయ్యలేని పాత వస్తువులకూ, గొప్ప చిత్రకారుల బొమ్మలకూ ధర వుంటుందనీ, ఆ ధర రకరకాల పరిస్థితుల కలయికను బట్టి ఏర్పడుతుందనీ ఆయన భావం. భూమినీ బొమ్మనూ ఆయన ఒకే గాట కట్టటం నేను చదువుకునే రోజుల్లో వింతగా తోచింది. జపాను అనుభవం చూశాక వింత అనిపించలేదు. అక్కడ భూమి ధరే బొమ్మ ధర అయింది. రెండూ మళ్ళీ పుట్టించలేనివే. రెంటినీ పట్టుకు కూర్చున్నవాడికి కదలకుండా లాభం వస్తుంది.

కొనేవాళ్ళందరికీ కళ పట్టదని నేననటం లేదు. సైతోకు ఆ బొమ్మమీద నిజంగానే మమకారం వుండివుండవచ్చు. కాని మమకారం 8 కోట్ల డాలర్లు పలకటానికి మమకారం చాలదు. అందుకు వేరే యంత్రాంగం వుండాలి. 1987 నవంబరులో ఆస్ట్రేలియా వ్యాపారి అలన్ బాండ్ వాన్ గో "ఐరిస్ పువ్వులు" చిత్రాన్ని 5 కోట్ల 39 లక్షల డాలర్లకు పాడుకున్నాడు. అందులో సగం అతనికి అప్పిచ్చింది వేలం వేసిన సోద్‌బీస్ సంస్థేనని తర్వాత బయటపడింది. అతను బాకీ తీర్చలేకపోయాడు. అమ్మేవాడే కొనేవాడికి అప్పుపెట్టి పుట్టించిన ధర అది. పేపర్లు మాత్రం వాన్ గో ప్రతిభకు దక్కిన నీరాజనంగా రాశాయి.

లియొనార్డో డావించీ పేరుతో అమ్మిన "సాల్వతోర్ ముండీ" కథ చూడండి. అది 1958లో లండన్ వేలంలో 45 పౌండ్లకు పోయింది. 2005లో అమెరికాలో ఇద్దరు వ్యాపారులు 1,175 డాలర్లకు కొన్నారు. మరమ్మతు జరిగింది. డావించీ గీసిందేనని కొందరు పండితులు అన్నారు, కొందరు ఇప్పటికీ అనరు. 2013లో ఒక రష్యన్ కుబేరుడు 12 కోట్ల 75 లక్షల డాలర్లిచ్చాడు. 2017 నవంబరు 15న క్రిస్టీస్ దాన్ని ప్రాచీన చిత్రాల వేలంలో కాక, కొత్త కుబేరులు వచ్చే సమకాలీన కళ వేలంలో పెట్టింది. ధర 45 కోట్ల 3 లక్షల డాలర్లు. ఒక సౌదీ యువరాజు పేరుమీద కొనుగోలు జరిగింది. ఆ తర్వాత దాన్ని జనానికి చూపలేదు. గాషే దారే పట్టింది.

ఇక మా కుర్రాడి ప్రశ్న. 8 కోట్ల 25 లక్షల్లో వాన్ గోకు దక్కింది సున్న. యోహానాకు తొంభైమూడేళ్ళ కిందట ముట్టిన 300 ఫ్రాంకులే. అతను చనిపోయాడు గనక అలా జరిగింది, బతికి వుంటే న్యాయం జరిగేదేమో అనుకునేవాళ్ళు ఇంకో సంఘటన తెలుసుకోవాలి. 1973 అక్టోబరు 18న న్యూయార్కులో రాబర్ట్ స్కల్ అనే టాక్సీ కంపెనీ యజమాని తను పోగేసిన యాభై చిత్రాలను వేలం వేశాడు. రాషెన్‌బర్గ్ అనే చిత్రకారుడి దగ్గర 900 డాలర్లకు కొన్న బొమ్మ 85,000కు పోయింది. చిత్రకారుడు ఆ వేలంలోనే వున్నాడు. అయిపోయాక స్కల్‌ను అక్కడే నిలేశాడు. బయట స్కల్ కంపెనీ టాక్సీడ్రైవర్లు, కొందరు కళాకారులు కలిసి నిరసన తెలిపారు. శ్రమ దోపిడీ టాక్సీలో ఒక రకంగా, బొమ్మలో ఇంకోరకంగా జరుగుతుందని ఆ రోడ్డుమీద నిలబడ్డవాళ్ళకు ఏ పాఠం చెప్పకుండానే అర్థమైంది.

తిరిగి అమ్మినప్పుడల్లా కళాకారుడికి కొంత వాటా యివ్వాలన్న చట్టం ఫ్రాన్సులో 1920లోనే వచ్చింది. మన దేశంలోనూ వుందని చాలామంది రచయితలకు తెలియదు. 1994 సవరణతో కాపీరైటు చట్టంలో 53-ఎ సెక్షన్ చేరింది. పదివేల రూపాయలు మించిన పునర్విక్రయంలో, పదిశాతానికి మించకుండా, కర్తకు గాని వారసులకు గాని వాటా రావాలి. అది చిత్రకారులకే కాదు, రచయిత రాతప్రతికి కూడా వర్తిస్తుంది. చట్టంలో వుండటం వేరు, చేతికి రావటం వేరు. కాని హక్కు వుందని తెలియనివాడు అడగనైనా అడగలేడు.

ఇక్కడ మనవైపు నుంచి ఒక ఒప్పుకోలు వుండాలి. ప్రైవేటు ఆస్తి పోయి ప్రభుత్వం చేతికొస్తే బొమ్మలు ప్రజలవైపోతాయని మనం తేలిగ్గా అంటూ వుంటాం. మొదట చెప్పిన కథలో "ఒక్కటే అమ్ముడుపోయిన" బొమ్మ "ఎర్ర ద్రాక్షతోట". దాన్ని 1890లో బ్రస్సెల్స్‌లో అన్నా బోక్ అనే చిత్రకారిణి 400 ఫ్రాంకులకు కొన్నది. (ఒక్కటే అన్నమాట కూడా అక్షరాలా నిజం కాదు, చిన్నచిన్న అమ్మకాలు ఇంకా వున్నాయి.) తర్వాత మాస్కో మిల్లు యజమాని మరోజొవ్ దాన్ని కొన్నాడు. 1918లో సోవియట్ ప్రభుత్వం అతని సేకరణను జాతీయం చేసింది. ప్రజలు చూశారు. కాని 1948లో, బూర్జువా కళ అనే నెపంతో, ఆ బొమ్మలున్న మాస్కో మ్యూజియాన్నే మూసేశారు. స్టాలిన్ పోయేదాకా అవి గోదాముల్లోనే మగ్గాయి. అంతకుముందు 1930-31లో విదేశీ ద్రవ్యం కోసం హెర్మిటేజ్ మ్యూజియం కళాఖండాలను అమెరికా ఆర్థికమంత్రి మెలన్‌కే అమ్మారు. సైతో గిడ్డంగిలో పడినా, ప్రభుత్వ గోదాంలో పడినా చూసే కన్ను లేని బొమ్మ గుడ్డముక్కే. కనక ఆస్తి ఎవరి పేరున వుందన్న ప్రశ్నతో మన పని తీరదు. తలుపు ఎవరికి తెరిచి వుందో కూడా అడగాలి. ఇవాళ "ఎర్ర ద్రాక్షతోట" మాస్కోలోని పుష్కిన్ మ్యూజియంలో వుంది.

యోహానాకు ఈ రెండో ప్రశ్న తెలుసు. పొద్దుతిరుగుడు పువ్వుల చిత్రాల్లో తనకు చాలా ఇష్టమైనదాన్ని వదులుకోలేక ముందు నిరాకరించి, చివరకు 1924లో లండన్ నేషనల్ గాలరీకి అమ్మింది. ఇంకా ఎక్కువిచ్చే శ్రీమంతుడికి కాదు, జనం చూసే చోటికి. విన్సెంట్ కీర్తికోసం చేసిన త్యాగమని ఆమె చెప్పుకున్నది.

రచయితలమైన మనకు ఒక వెసులుబాటు వుంది. రాతప్రతిని ఎవడు ఇనప్పెట్టెలో పెట్టుకున్నా, పద్యం నోటికి వచ్చినవాడి దగ్గర వుంటుంది. కాని ధరను చూసి విలువ కట్టే జబ్బు మనకూ లేకపోలేదు. బహుమతి మొత్తాన్నిబట్టి పుస్తకం ఎత్తు కొలుస్తాం. దానికి తిరగేసిన జబ్బు ఇంకొకటి: ఎవరూ చదవటం లేదంటే గొప్పగా రాసినట్టేనని ఓదార్చుకోవటం. వాన్ గో కథను ఈ రెండో జబ్బుకు మందుగా వాడటం మానుకుందాం. అతని విలువను నిలబెట్టింది ఒక స్త్రీ చాకిరి, విమర్శకుల రాతలు, మ్యూజియాల్లో నిలబడి చూసిన లక్షల మంది కళ్ళు. ధరను అనుభవించింది ఆ పనిలో చెయ్యి పెట్టనివాళ్ళు.

నేను గాషేను అచ్చుబొమ్మలోనే చూశాను. ఆమాటకొస్తే 1990 తర్వాత లోకమంతా అలాగే చూస్తున్నది. ఆ డాక్టరుదే రెండో బొమ్మ ఒకటుంది, నవలలు లేనిది. దాన్ని గాషే పిల్లలు 1949లో ఫ్రెంచి ప్రభుత్వానికి ఊరికే ఇచ్చేశారు. పారిస్‌లోని ఓర్సే మ్యూజియంలో టిక్కెట్టు కొన్న ఎవరైనా దాన్ని చూడవచ్చు. దానికి ధర లేదు, ఎందుకంటే అది అమ్మకానికి లేదు. మా కుర్రాడు ఇప్పుడు కనపడితే, కోట్ల లెక్క చెప్పాక, ఈ రెండో బొమ్మ సంగతి కూడా చెబుతాను.